అప్పు చేయనివారికి అప్పు పుట్టని చరిత్ర

సొంత ఇల్లు, బ్యాంకులో చాలినంత నిల్వ, నెలనెలా తప్పకుండా వచ్చే జీతం ఉండి, ఎవరికీ పైసా బాకీ లేని మనిషికి క్రెడిట్ కార్డు ఇవ్వబోమని బ్యాంకు చెప్పడం వినేవారికి వింతగా తోచినా, అలాంటి నిరాకరణ వెనుక 180 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది, అందులో ఎక్కువ భాగం అమెరికాలో నడిచింది. అప్పు అడిగిన మనిషికి ఆస్తి ఎంత ఉంది, తీసుకున్నది అతడు ఎలా తీరుస్తాడు అన్నవి రెండు వేరువేరు ప్రశ్నలు. ఒకప్పుడు అప్పిచ్చేవారు ఆ రెండింటినీ పక్కపక్కనే పెట్టి అడిగేవారు. కాలక్రమంలో మొదటి ప్రశ్న లెక్కలోంచి జారిపోయి రెండోది మాత్రమే మిగలడం వల్లనే నేటి ఈ వింత పుట్టింది.

19వ శతాబ్దపు తొలి దశకాల్లో న్యూయార్కులోని టోకు వర్తకులు దేశం లోపలి పట్టణాల దుకాణదారులకు నెలల తరబడి గడువిచ్చి సరుకు అరువు మీద పంపేవారు. కొనేవాడి గుణగణాలు తెలుసుకోవడానికి వారికి సిఫారసు లేఖలు, ఊళ్లు తిరిగే గుమాస్తాలు తెచ్చే కబుర్లు తప్ప వేరే ఆధారం ఉండేది కాదు. 1837లో బ్యాంకులు కుప్పకూలి దేశమంతా ఆర్థిక సంక్షోభం చెలరేగినప్పుడు, అరువు మీద నడిచిన వ్యాపారాలు వరుసగా దివాలా తీశాయి. అలా చితికిపోయిన వాటిలో ఆర్థర్ టాపన్ పట్టు వ్యాపారం ఒకటి. అతని తమ్ముడు, ఆ వ్యాపారంలో భాగస్వామి అయిన లూయిస్ టాపన్ బానిసత్వ నిర్మూలన ఉద్యమంలో ముందువరసలో నిలిచిన దైవభక్తుడు; అరువు ఇచ్చే ముందు మనిషి నడవడిని వాకబు చేయడమే ఒక వ్యాపారంగా చేయవచ్చని గ్రహించి, 1841లో న్యూయార్కులో మర్కంటైల్ ఏజెన్సీ అనే సంస్థను నెలకొల్పాడు.

ఈ సంస్థ పనితీరు నేటి పరపతి సంస్థలన్నిటికీ మూలరూపం. పరపతి సంస్థ, అంటే వ్యవహారంలో క్రెడిట్ బ్యూరో, తాను స్వయంగా అప్పు ఇవ్వకుండా, అప్పు తీసుకునేవారి వివరాలు పోగుచేసి అప్పిచ్చేవారికి రుసుము మీద అందజేసే సంస్థ. టాపన్ ఊరూరా విలేఖరులను నియమించుకున్నాడు. వీరిలో ఎక్కువమంది ప్లీడర్లు. వారికి డబ్బుగా ముట్టేది తక్కువ. ఆ ఊళ్లో మొండి బాకీలు వసూలు చేసే కేసులు తమకే వస్తాయన్నదే వారికి దొరికే ప్రతిఫలం. అబ్రహాం లింకన్ కూడా ప్లీడరుగా ఉన్న రోజుల్లో ఇలాంటి విలేఖరిగా పనిచేశాడు. వారు పంపిన సమాచారాన్ని గుమాస్తాలు పెద్ద పద్దు పుస్తకాల్లోకి ఎక్కించేవారు. చందాదారుడు కార్యాలయానికి వచ్చి అడిగితే చదివి వినిపించేవారే తప్ప నకలు ఇచ్చేవారు కాదు. ఆ పుస్తకాల్లో 2,580 సంపుటాలు హార్వర్డ్ బిజినెస్ స్కూలు గ్రంథాలయంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో మనిషి ఆస్తితోబాటు అతని తాగుడు, పొదుపు, దాంపత్యం, మతం కూడా నమోదయ్యాయి. యూదు వర్తకుల గురించి రాసిన పద్దుల్లో అప్పటి సమాజపు దురభిప్రాయాలు దాదాపు మార్పు లేకుండా దిగిపోయాయి. నడవడిని తూచడమంటే తూచేవాడి పక్షపాతాన్ని కూడా తక్కెడలో వేయడమేనని ఈ సంపుటాలు చూసినవారికి తెలుస్తుంది.

ఏజెన్సీ తర్వాత రాబర్ట్ గ్రాహం డన్ చేతికి వచ్చింది. 1864 నాటి దాని సూచిక పుస్తకంలో ప్రతి వ్యాపారికీ రెండు గుర్తులు వేసే పద్ధతి వచ్చింది: ఒకటి అతని పెట్టుబడి అంచనా, రెండోది అతని మాట నిలకడ మీద, చెల్లింపుల మీద మదింపు. ఆస్తి దండిగా ఉండి చెల్లింపులో బద్ధకించేవాడు, ఆస్తి కొద్దిగా ఉండి మాట తప్పనివాడు ఆ పుస్తకంలో వేరువేరుగా కనిపించేవారు. ఈ సంస్థ 1933లో తన పోటీదారు బ్రాడ్‌స్ట్రీట్‌తో కలిసి డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్‌గా మారింది; వ్యాపార సంస్థలకు అది ఇచ్చే రేటింగులో ఈ రెండు గుర్తులు నేటికీ ఉన్నాయి. మామూలు మనిషి విషయంలో మాత్రం చరిత్ర వేరే దారి పట్టింది.

చిల్లర దుకాణాల్లో వాయిదాల మీద కుట్టుమిషన్లు, పియానోలు, బట్టలు కొనడం పెరిగిన కొద్దీ, ఊరూరా వినియోగదారుల బ్యూరోలు వెలిశాయి. అట్లాంటాలో 1899లో వూల్ఫర్డ్ సోదరులు స్థాపించిన రిటైల్ క్రెడిట్ కంపెనీ వాటిలో పేరుమోసింది. అదే 1975లో ఈక్విఫాక్స్‌గా పేరు మార్చుకుంది. ఈ బ్యూరోలు దుకాణదారుల పద్దులతో తృప్తిపడక, పత్రికల్లో వచ్చే పెళ్లిళ్లు, అరెస్టులు, కోర్టు వ్యవహారాల కత్తిరింపులను కూడా ఫైళ్లలో చేర్చేవి. తన ఫైలులో ఏముందో ఏ మనిషికీ తెలిసే దారి ఉండేది కాదు. ఈలోగా 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో సుమారు 60,000 మందికి ఎవరూ అడగకుండానే క్రెడిట్ కార్డులు తపాలాలో పంపింది. మోసాలతో, వసూలు కాని బాకీలతో ఆ ప్రయోగానికి తొలి ఏళ్లలో నష్టాలే మిగిలాయి. అయినా ఇతర బ్యాంకులు ఆ బాటే పట్టాయి. అడగని కార్డులు పంపడాన్ని నిషేధించిన నిబంధన, ఫైలు చూసుకునే హక్కును పౌరుడికిచ్చిన ఫేర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం, రెండూ 1970 అక్టోబరులో ఒకే శాసనంలో భాగాలుగా వెలువడటం గమనార్హం. ఒకవైపు బ్యాంకుల ఉదారతకు, మరోవైపు బ్యూరోల రహస్యానికి ఆ శాసనం ఒకేసారి కళ్లెం వేసింది.

ఆర్థికంగా స్థిరపడి కూడా కార్డు దొరకని వర్గంగా అప్పట్లో స్త్రీలను చెప్పుకోవాలి. సొంత జీతం ఉన్న వివాహిత దరఖాస్తు పెడితే భర్త సంతకం అడిగేవారు. కార్డు భర్త పేరు మీదనే వచ్చేది. విడాకులు తీసుకున్నా, భర్త పోయినా, ఆమె అన్నేళ్లూ కట్టిన వాయిదాల చరిత్ర భర్త పేరుతోనే ముగిసిపోయేది. పిల్లలు పుడితే ఉద్యోగం మానేస్తుందన్న ఊహతో భార్య జీతాన్ని సగమే లెక్కించడం, కొన్నిచోట్ల అసలు లెక్కించకపోవడం కూడా గృహరుణాల్లో ఉండేది. 1972లో వినియోగదారుల రుణాలపై జాతీయ కమిషన్ జరిపిన విచారణల్లో ఇవన్నీ బయటికొచ్చాయి. రెండేళ్ల తర్వాత ప్రతినిధుల సభలోని బ్యాంకింగ్ సంఘం సమాన పరపతి బిల్లును పరిశీలిస్తున్నప్పుడు, లూయిజియానా సభ్యురాలు లిండీ బాగ్స్ లింగం, వైవాహిక స్థితి అన్న మాటలను తన చేత్తో బిల్లు ప్రతిలో చేర్చి, నకళ్లు తీయించి సభ్యులకు పంచి, అవి పొరపాటున తప్పిపోయి ఉంటాయని అతి మర్యాదగా చెప్పింది. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. 1974 అక్టోబరులో ఈక్వల్ క్రెడిట్ ఆపర్చునిటీ చట్టం వచ్చింది. 1976 సవరణతో జాతి, వర్ణం, మతం, వయసు వంటివి కూడా వివక్షకు కారణం కారాదని చేర్చారు. నిరాకరించిన సంస్థ కారణాలు తెలపాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. నేటికీ అమెరికాలో కార్డు దక్కనివారి ఇంటికి వచ్చే ఉత్తరానికి మూలం ఇదే. ఆ ఉత్తరాలకు నమూనాగా ప్రభుత్వం ఇచ్చిన కారణాల జాబితాలో పరపతి ఫైలు లేకపోవడం, అప్పుల అనుభవం చాలకపోవడం, తాత్కాలిక నివాసం అన్నవి కూడా ఉన్నాయి.

పక్షపాతం లేకుండా తూచాలంటే మనిషి స్థానంలో గణితం రావాలన్న వాదానికి ఈ చట్టాలు బలమిచ్చాయి. ఆ గణితం అంతకుముందే సిద్ధమై ఉంది. ఇంజనీరు బిల్ ఫేర్, గణితవేత్త ఎర్ల్ ఐజాక్ 1956లో చెరి 400 డాలర్లు వేసుకుని ఒక సంస్థ పెట్టి, పాత దరఖాస్తులను, వాటిలో తీరినవీ తీరనివీ ఏవో చూసి, ఏ లక్షణానికి ఎన్ని మార్కులు వేయాలో లెక్కగట్టే పట్టికలు తయారుచేశారు. స్కోరు అంటే ఇలా మార్కులు కూడగా వచ్చిన అంకె. తొలినాటి పట్టికలను ఒక్కో రుణసంస్థకు విడిగా, దాని దరఖాస్తు ఫారం ఆధారంగా రూపొందించేవారు. కాబట్టి సొంత ఇల్లు, ఇంట్లో టెలిఫోను, బ్యాంకులో పొదుపు ఖాతా ఉన్నవారికి వాటిలో మార్కులు పడేవి. 1989లో ఈ సంస్థ తెచ్చిన ఫైకో స్కోరు దరఖాస్తును వదిలి, బ్యూరో ఫైలు ఒక్కదాని మీదనే ఆధారపడింది. బ్యూరో ఫైలులో అప్పుల వివరాలుంటాయి గానీ జీతం ఉండదు, డిపాజిట్లు ఉండవు, పొలం ఉండదు, బంగారం ఉండదు. ఆస్తి అన్న ప్రశ్న లెక్కలోంచి పూర్తిగా తప్పుకున్నది ఇక్కడే.

300 నుంచి 850 వరకు ఉండే ఈ అంకెలో 35 శాతం గత చెల్లింపులకు, 30 శాతం ప్రస్తుతం ఉన్న అప్పుకు, 15 శాతం ఖాతాల వయసుకు, మిగిలినది కొత్త అప్పులకు, అప్పుల్లోని వైవిధ్యానికి పోతుంది. స్కోరు పుట్టాలంటేనే కనీసం ఆరు నెలల వయసున్న ఖాతా ఒకటి, గత ఆరు నెలల్లో బ్యూరోకు చేరిన వివరం ఒకటి ఉండాలి. అందువల్ల ఇంటి అప్పు తీర్చేసి, కార్డులు మూసేసి, నగదుతోనే బతికే పెద్దవారు కొన్నాళ్లకు స్కోరు లేనివారవుతారు. స్కోరుతో పనిలేకుండానే ఇలాంటి యాంత్రిక నియమాలు ఎంత దూరం పోతాయో 2014లో లోకానికి తెలిసింది: అమెరికా కేంద్రబ్యాంకు ఫెడరల్ రిజర్వుకు అధిపతిగా ఎనిమిదేళ్లు పనిచేసి దిగిన బెన్ బెర్నాంకీ తన ఇంటి రుణాన్ని కొత్త షరతులకు మార్చుకోబోతే కుదరలేదని షికాగో సభలో ఆయనే చెప్పాడు. స్థిరమైన ఉద్యోగం వదిలి ప్రసంగాలు, రచనల ఆదాయం మీదికి మారడమే కారణమని పత్రికలు విశ్లేషించాయి.

తెలుగువారికి ఈ చరిత్ర 1990ల తర్వాత స్వానుభవమైంది. 1990 వలస చట్టం రూపొందించిన హెచ్1బీ వీసాల మీద, ముఖ్యంగా కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీలను సరిదిద్దే వై2కె పనుల కాలంలో, హైదరాబాదు నుంచి, కోస్తా జిల్లాల నుంచి వేలాది ఇంజనీర్లు అమెరికా చేరారు. మొదటి నెలనుంచే మంచి జీతం అందుకున్నవారికి కూడా, సోషల్ సెక్యూరిటీ నంబరు కింద ఫైలు ఖాళీగా ఉండటంతో, కార్డు రాలేదు, అద్దె ఇంటికి అదనపు డిపాజిట్ కట్టవలసి వచ్చింది. స్వదేశంలో తీర్చిన అప్పుల చరిత్ర సముద్రం దాటి వచ్చేది కాదు; పైగా వలస స్థితిని రుణదాత పరిగణించడం చట్టసమ్మతమే. కొన్ని వందల డాలర్లు ముందుగా బ్యాంకు దగ్గర ఉంచి ఆ మేరకే వాడుకునే సెక్యూర్డ్ కార్డు తీసుకోవడం, ముందే స్థిరపడిన బంధువు కార్డులో అదనపు వాడుకదారుగా పేరు చేర్పించుకోవడం అన్న ఉపాయాలు అలా వచ్చినవారి మధ్య నోటిమాటగా వ్యాపించాయి. అప్పు చేయడమే తప్పని నేర్పిన ఇళ్లలో పెరిగినవారు, చేతిలో డబ్బుండగా, పరపతి కోసం పనిగట్టుకుని చిన్న చిన్న అప్పులు చేయడం నేర్చుకున్నారు. వీరి భార్యల స్థితి మరీ ఇబ్బందికరం. ఉద్యోగానుమతి లేని హెచ్4 వీసాతో వచ్చినవారికి సొంత ఆదాయమే లేదు. 2011లో ఫెడరల్ రిజర్వు నిబంధన దరఖాస్తుదారు స్వతంత్ర ఆదాయాన్నే చూడమనడంతో గృహిణులందరికీ కార్డు కష్టమైంది, 2013లో దాన్ని సవరించి 21 ఏళ్లు నిండినవారు తమకు అందుబాటులో ఉండే భర్త లేదా భార్య ఆదాయాన్ని చూపవచ్చన్నారు. 2019లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్, నోవా క్రెడిట్ అనే సంస్థ కలిసి భారతదేశంతో సహా కొన్ని దేశాల పరపతి చరిత్రను అంగీకరించడం మొదలుపెట్టాక దేశాల మధ్య ఉన్న ఆ అడ్డుగోడకు చిన్న సందు ఏర్పడింది.

భారతదేశంలో బ్యూరో లేని కాలపు కార్డు చరిత్రలో తెలుగు బ్యాంకు ఒకటి ఉంది. మచిలీపట్నంలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో, దేశంలోనే తొలి వరుసలో, క్రెడిట్ కార్డు తెచ్చింది. బ్యూరో అన్నదే లేని ఆ రోజుల్లో కార్డు ఎవరికివ్వాలన్నది ఆదాయ పత్రాలు, ఖాతాలోని నిల్వ, బ్రాంచికి ఉన్న పరిచయం చూసి తేల్చుకోవలసిందే. అంటే పాత రెండు ప్రశ్నలూ అప్పుడు బతికే ఉన్నాయి. 2000లో సిబిల్ అనే పరపతి సంస్థ ఏర్పడినప్పుడు స్టేట్ బ్యాంకు, హెచ్‌డీఎఫ్‌సీలతోబాటు డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్, అమెరికా బ్యూరో ట్రాన్స్‌యూనియన్ కూడా భాగస్వాములు కావడంతో, టాపన్ వారసత్వం నేరుగానే ఈ దేశానికి వచ్చిందనాలి. 2005లో పరపతి సమాచార సంస్థల చట్టం చేశారు. 300 నుంచి 900 వరకు ఉండే సిబిల్ స్కోరు ఆ తర్వాత వాడుకలోకి వచ్చింది. ఎన్నడూ అప్పు చేయనివారి నివేదికలో మైనస్ 1 అనో, చరిత్ర లేదని తెలిపే ఎన్‌హెచ్ అనో కనిపిస్తుంది. అది చెడ్డ మార్కు కాకపోయినా, కంప్యూటరు వడపోతలో చాలాసార్లు చెడ్డ మార్కుతో సమానంగానే పనిచేస్తుంది.

ఈ లోపం నియంత్రణ సంస్థకు తెలియనిది కాదు. తొలిసారి రుణం అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించరాదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన అని కేంద్ర ఆర్థిక శాఖ 2025లో పార్లమెంటుకు తెలిపింది. క్రెడిట్ కార్డు దరఖాస్తును తోసిపుచ్చితే నిర్దిష్టమైన కారణాన్ని లిఖితపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. పూర్తి పరపతి నివేదికను ప్రతి సంస్థ నుంచి ఏడాదికోసారి ఉచితంగా పొందే వీలు 2017 నుంచి ఉంది. ఆస్తి ఉండి కార్డు దక్కనివారు చేయవలసిన మొదటి పని, అవమానంగా భావించి ఊరుకోకుండా, ఆ కారణాన్ని రాతపూర్వకంగా అడగడం, ఆ నివేదికను తెప్పించి చూసుకోవడం.