ముఖచిత్ర పరిహాసం

వైజ్ఞానిక కల్పనలు, మాంత్రిక నవలలు, క్షుద్ర నవలల అట్ట మీది బొమ్మలను పాఠకులు ఎగతాళి చేయడానికి ఈ పేరు. కథకూ బొమ్మకూ పొంతన లేకపోవడం, బొమ్మలోని మనుషులు వికారంగా ఉండటం, పేరు అక్షరాలు బొమ్మను మింగేయడం ఇందుకు సాధారణ కారణాలు. ఇంగ్లీషు పాఠకుల్లో ఇది స్థిరపడిన హాస్య ప్రక్రియ. తెలుగులో మాత్రం విడిగా ఎదగలేదు. నవలా విమర్శలోనూ సినిమా హాస్యంలోనూ కలిసిపోయింది.

పూర్వరంగం

హ్యూగో గెర్న్స్‌బాక్ 1926 ఏప్రిల్‌లో న్యూయార్క్ నుంచి ‘అమేజింగ్ స్టోరీస్’ ప్రారంభించాడు. తొలి అట్టలు గీసిన ఫ్రాంక్ ఆర్. పాల్ యంత్రాలను శ్రద్ధగా తీర్చిదిద్దేవాడనీ, మనుషులు మాత్రం కొయ్యబారి ఉండేవారనీ విమర్శకులు అంటారు. 1940ల్లో ఎర్ల్ బెర్గీ గీసిన అట్టలు మరింత గేలికి గురయ్యాయి. వాటిలో అంతరిక్షంలోనూ చాలీచాలని దుస్తులతో కనిపించే స్త్రీలు, పక్కనే గుడ్లు మిటకరించిన రాక్షసులు ఉండేవారు.

వివరంగా నమోదైన ఉదాహరణ టోల్కీన్ ‘ది హాబిట్’. 1965లో బాలంటైన్ సంస్థ అమెరికాలో వేసిన పేపర్‌బ్యాక్ అట్ట మీద ఒక సింహం, రెండు ఈము పక్షులు, గులాబీ రంగు కాయలు వేలాడే చెట్టు ఉన్నాయి. ఇవేవీ కథలో లేవు. వీటికీ తన కథకూ ఏమిటి సంబంధమని రచయిత ప్రచురణకర్తలను నిలదీశాడు. తర్వాతి ముద్రణల్లో సింహం మాయమైంది, పక్షులు మిగిలాయి. బొమ్మ వేసిన బార్బరా రెమింగ్టన్‌కు పుస్తకం చదివే వ్యవధి దొరకలేదని తర్వాత తెలిసింది.

టెర్రీ ప్రాచెట్ ‘ది కలర్ ఆఫ్ మ్యాజిక్’ (1983) పేపర్‌బ్యాక్‌ది ఇంకో దారి. కళ్ళద్దాలు ఎరగని ఊరివాళ్ళకు ఒక పాత్ర నాలుగు కళ్ళ మనిషిలా కనిపిస్తాడు. జాష్ కర్బీ అతనికి నిజంగానే నాలుగు కళ్ళు గీశాడు. 2012లో అమెరికన్ రచయిత జిమ్ హైన్స్ అట్టల మీది స్త్రీల భంగిమల్లో తానే నిలబడి ఫొటోలు దిగి, అలా నిలబడటం ఎంత కష్టమో చూపించాడు.

తెలుగులో

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు, మధుబాబు షాడో నవలలు చదివినవారికి పిస్తోలు, పరుగెత్తే మనిషి, వెనక ఒక అమ్మాయి ఉండే అట్ట బాగా పరిచయం. 1980ల తొలినాళ్ళలో యండమూరి వీరేంద్రనాథ్ క్షుద్ర నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చాక పుర్రె, ముగ్గు, సూదులు గుచ్చిన బొమ్మ ఆ స్థానానికి వచ్చాయి. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని విమర్శ గ్రంథమే రాశారు. అయితే ఆమె గురి నవల మీద, అట్ట మీద కాదు. జంధ్యాల సినిమా ‘చంటబ్బాయ్’ (1986) కూడా డిటెక్టివ్ ధోరణినే ఆటపట్టించింది. దానికి ఆధారం మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల.

పరిహాసం అట్టను వదిలి కథ మీదికి ఎందుకు పోయిందన్నదానికి రెండు వివరణలు చెప్పవచ్చు. మొదటిది, బాపు, చంద్ర, మోహన్, బాలి వంటి సమర్థులు బొమ్మలు వేయడం వల్ల వంక పెట్టే అవకాశం తగ్గడం. రెండోది పాఠకులకు పుస్తకం అందిన తీరు. చాలామంది నవలను ముందు వారపత్రికలో, తర్వాత అద్దె లైబ్రరీలో చదివారు. అద్దె పుస్తకం చిరగకుండా మందపాటి అట్టవేసి కుట్టించేవారు. ఆ పనిలో అసలు అట్ట తరచు పోయేది. రెండో వివరణే ఎక్కువ సబబుగా కనిపిస్తుంది, ఎందుకంటే అంత పేరులేని చిత్రకారుల అట్టలూ పెద్దగా చర్చకు రాలేదు.

అమీర్‌పేట, పంజగుట్ట

తెలుగు అట్టలు తయారయ్యే తీరు మారడాన్ని హైదరాబాద్‌లోని ఈ ప్రాంతాల్లో చూడవచ్చు. పంజగుట్టను ఆనుకున్న సోమాజిగూడ నుంచి ఈనాడు సంస్థ 1978లో ‘చతుర’ మాసపత్రికను ప్రారంభించింది. నెలకో నవల వేయడం దాని పద్ధతిగా ఉండేది. సంపాదకుడు చలసాని ప్రసాదరావు స్వయంగా చిత్రకారుడు. తర్వాత అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు వెలిశాయి. సాఫ్ట్‌వేర్ కోర్సులతో పాటు డీటీపీ, ఫొటోషాప్, మల్టీమీడియా కూడా అక్కడ నేర్పారు. కుంచెతో వేసే అట్ట స్థానంలో తెర మీద అతికించే అట్ట రావడానికి ఇలాంటి శిక్షణ కొంత దోహదం చేసి ఉంటుంది. అక్షరాల చుట్టూ వెలుగు, ఎక్కడి నుంచో తెచ్చిన ఫొటో, వెనక మెరుపు ఈ దశ అట్టల్లో తరచు కనిపిస్తాయి.

అంచనా

పరిహాసం ఎక్కువగా చిత్రకారుడి మీద పడుతుంది. కానీ ‘హాబిట్’ ఉదంతం చూస్తే తప్పు పని అప్పగించిన పద్ధతిలో ఉంది. వ్యవధి ఇవ్వకుండా, రాతప్రతి చూపకుండా అడిగిన బొమ్మ కథకు దూరంగానే ఉంటుంది. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం మాంత్రిక సీరియల్స్‌కు ‘చిత్ర’ వేసిన బొమ్మలు దీనికి ఎదురు సాక్ష్యం. రచన, బొమ్మ ఒకే కార్యాలయంలో తయారైనందువల్ల అక్కడి రాక్షసులూ కోటలూ కథలో ఇమిడిపోయాయి. 2022 డిసెంబరులో టోర్ సంస్థ ఒక అంతరిక్ష నవల అట్టకు కృత్రిమ మేధతో తయారైన బొమ్మ వాడి ఉండవచ్చని ఒప్పుకున్నప్పుడూ పాఠకులు నిలదీసింది ప్రచురణకర్తనే. తెలుగు నవలల జాబితాలు రచయిత పేరుతో పాటు అట్ట వేసినవారి పేరు, ముద్రణ సంవత్సరం కూడా నమోదు చేస్తే, నవ్వుకైనా మెప్పుకైనా సరైన ఆధారం దొరుకుతుంది.