తల్లి వైపు లెక్క

1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు గురించి, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో వెలసిన చక్కెర ఫ్యాక్టరీ గురించి చెప్పేవాళ్లు ఎకరాలు, టన్నులు లెక్కపెడతారు. పశువు ఆ లెక్కలోకి రాదు. ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు లాగింది ఎడ్లే. చెరుకు కొట్టాక మిగిలిన పచ్చి కొనలు మేసి పాలిచ్చింది బర్రె. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పక్కకు జరిగినా బర్రె నిలబడింది. అయినా జాతిని బాగుచేయాలనుకున్న ప్రతిసారీ చూపు దున్నపోతు మీదే పడింది. మొదట ముర్రా జాతి దున్నలు, తర్వాత ఘనీకృత వీర్యం. కరీంనగర్‌లో దానికొక కేంద్రమే ఉంది. వీర్యపు గొట్టం మీద దున్న నంబరు అచ్చేసి ఉంటుంది. దూడకు సగం వారసత్వమిచ్చే తల్లి వివరం ఎక్కడా కనపడదు.

ఇందుకు పక్షపాతం ఒక్కటే కారణం కాదు. ఒక దున్న వీర్యంతో వేల దూడలు పుట్టించవచ్చు. బర్రె చూడి మోసేదే పది నెలలు, జీవితంలో పట్టుమని పది ఈతలు కూడా ఉండవు. ఈ అడ్డు తొలిగే దారి ప్రయోగశాలలో దొరికింది. అండాశయం నుంచి తీసిన కుందేలు అండం బయట తనంతట తానే పక్వమవుతుందని 1935లో పింకస్, ఎంజ్‌మన్ చూపారు. ఆవు, పంది, గొర్రె అండాలూ అంతేనని 1965లో రాబర్ట్ ఎడ్వర్డ్స్ తేల్చారు. అలా పక్వమైన అండాన్ని బయటే వీర్యంతో కలిపి, ఏర్పడిన పిండాన్ని వేరే బర్రె గర్భంలో పెడితే ఒక్క తల్లికి ఎన్నో దూడలు పుట్టించవచ్చు. 1990లో కర్నాల్ జాతీయ పాడి పరిశోధన సంస్థలో ‘ప్రథమ్’ అనే బర్రెదూడ ఇలాగే పుట్టింది. అండాశయంలోని పుటికల్లోంచి, అంటే అండాలుండే చిన్న బుడగల్లోంచి, సూదితో లాగిన అండం చుట్టూ కణాలు దట్టంగా అతుక్కుని ఉంటాయి. 38.5 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచితే ఆ పొర వదులై విచ్చుకుంటుంది. పక్వానికి అదొక గుర్తు.

కబేళా అండాశయాలతో నేర్చిన విద్య కదా, తల్లి ఎవరో తెలియని దూడ మనకెందుకని అడగవచ్చు. మొదట్లో అది న్యాయమైన ప్రశ్నే. తర్వాత అల్ట్రాసౌండ్ సాయంతో బతికున్న పశువు నుంచే అండాలు తీసే పద్ధతి వచ్చింది, తల్లి ఎవరో తెలిసింది. ఆవుతో పోలిస్తే బర్రెలో దొరికే అండాలు తక్కువ, ఖర్చు ఎక్కువ. ఇది కొట్టిపారేయలేని మాట. మేత మాట ఇంకా బరువైనది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక పచ్చికొనలు తగ్గి వరిగడ్డే దిక్కయింది. ఎంత మేలుజాతి పిండం నుంచి పుట్టిన బర్రె అయినా వట్టి వరిగడ్డితో పాలివ్వదు. కానీ మేత లేనిచోట ముర్రా వీర్యం కూడా వృథాయే. ఆ కారణం చెప్పి వీర్యాన్ని ఎవరూ ఆపలేదు. నా దృష్టిలో అసలు అడ్డంకి వేరే ఉంది. ఏ బర్రె అండం తీయాలో చెప్పాలంటే ఆ బర్రె ఈతకెన్ని పాలిచ్చిందో ఎక్కడో రాసి ఉండాలి. పాలకేంద్రంలో లీటర్లు, వెన్న శాతం రాసేది రైతు పేరు మీద. ఇంట్లో నాలుగు బర్రెలుంటే నాలుగింటి పాలూ ఒకే క్యాన్‌లో కలుస్తాయి.