కెన్యా తల్లుల నారుమళ్లు

కెన్యా మధ్యప్రాంతపు కొండల్లో బతికే కికుయు ప్రజలకు ముగుమో చెట్టు పవిత్రం. మన మర్రి, రావి, మేడి జాతికి చెందినదే. దాన్ని నరకరాదన్న కట్టుబాటు వారిలో ఉండేది. బ్రిటిష్ పాలనలో ఆ కొండల సారవంతమైన భూములు తెల్లవారి పరమయ్యాయి. అడవులు కొట్టి తేయాకు, కాఫీ తోటలు వేశారు. కలప కోసం పైన్, యూకలిప్టస్ పెంచారు. 1963లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా అడవి తరగడం ఆగలేదు. ఆ కష్టం పల్లె ఆడవాళ్ల మీద పడింది. వంటచెరకు కోసం నడిచే దూరం పెరిగింది. ఊటలు ఎండాయి. కట్టెలు చాలని ఇళ్లలో పిల్లల తిండి కూడా మారిపోయి, పోషణ తగ్గింది.

జాతీయ మహిళా మండలిలో ఈ గోడు విన్న వంగారి మాథాయ్, నైరోబీ విశ్వవిద్యాలయంలో పశువుల శరీర నిర్మాణ శాస్త్రం బోధించే అధ్యాపకురాలు. 1977 జూన్ 5న నైరోబీలోని కముకుంజిలో ఏడు మొక్కలు నాటి ఆమె ప్రారంభించిన పనే గ్రీన్ బెల్ట్ ఉద్యమం. అటవీశాఖ మొక్కలు చాలకపోవడంతో స్త్రీలే నారు పోశారు. చుట్టుపక్కల చెట్ల గింజలు ఏరి, పగిలిన కుండల్లో మొలిపించి, కోళ్లూ మేకలూ అందుకోలేని ఎత్తున పెట్టారు. అడవుల పెంపకానికి చదువు పట్టా ఉండాలన్న అధికారులకు ఆ నారుమళ్లే జవాబు. బతికిన ప్రతి మొక్కకూ కొద్ది సెంట్లు ముట్టేవి. నాటినందుకు కాదు, నిలబెట్టినందుకు. ఉద్యమం బలమంతా ఈ షరతులోనే ఉంది.

నాటిన నేల ఎవరిదన్న ప్రశ్న తర్వాత వచ్చింది. 1989లో నైరోబీ ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కట్టాలని పాలకపక్షం తలపెట్టింది. మాథాయ్ లేఖల మీద లేఖలు రాశారు. పార్లమెంటులో ఆమెను ఎగతాళి చేశారు గానీ, చివరికి ఆ భవనం లేవలేదు. 1992లో అదే పార్కులో రాజకీయ ఖైదీల తల్లులు మాథాయ్‌తో కలిసి నిరాహారదీక్షకు కూర్చున్నారు. పోలీసులు విరుచుకుపడితే కొందరు బట్టలు విప్పి ఎదురు నిలిచారు. తల్లి వయసు స్త్రీ అలా నిలబడటం అక్కడ కొడుకు వరస వారికి శాపం. తర్వాత వాళ్లు చర్చిలో దాదాపు ఏడాది పట్టువిడవక గడిపారు. 1993 తొలి నెలల్లో ఖైదీలు విడుదలయ్యారు.

నైరోబీ అంచునున్న కరూరా అడవిని ముక్కలుచేసి పలుకుబడి గలవారికి పంచుతున్నప్పుడు, 1999 జనవరి 8న అక్కడ మొక్కలు నాటబోయిన మాథాయ్ తల దాడిలో పగిలింది. ఆ ఏడాదే ప్రభుత్వ భూముల పంపకాన్ని అధ్యక్షుడు మోయ్ నిలిపివేశారు. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆఫ్రికా స్త్రీకి అదే మొదటిది. ఉద్యమం నాటించిన మొక్కలు 5 కోట్లు దాటాయి. కరూరా ఈనాటికీ అడవిగానే ఉంది.