ఫందాల తారీఖ్

మా మన్సూరాబాద్‌లో డిసెంబర్ చలి పెద్ద చలేం కాదు. అయినా ఫజర్‌కి లేచి కూర్చుంటే కాళ్ల మీద ఏదైనా కప్పుకోవాలనిపిస్తుంది. పోయిన చలికాలం మా ఖాలా రెండు లావు సలాయిలూ, ఒక సంచి నిండా ఊన్ ఉండలూ తెచ్చి నా ముందు పెట్టింది. "బజార్‌లో కొన్న కంబల్ ఎవరైనా కప్పుకుంటారు బేటా, ఒకటి అల్లి చూడు" అంది. పక్కనే ఉన్న మా కజిన్ నవ్వాడు: "ఆడోళ్ల పని నేర్చుకుంటవా?"

ఆ నవ్వే నన్ను కితాబుల దగ్గరికి తీసుకెళ్లింది. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ ఒక్కటే కాదు, చరిత్ర కూడా. ఈ సలాయిల తారీఖ్ ఏంటో చూద్దామనుకున్నాను.

ముందొక మాట. ఉర్దూలో బట్ట నేసినా బుననా అంటారు, స్వెటర్ అల్లినా బుననా అంటారు. తెలుగు ఇక్కడ హుషార్, నేత వేరు, అల్లిక వేరు అని విడగొట్టింది. మన కురుమల గొంగడి నేత. దక్కనీ గొర్రె బొచ్చును ఆడవాళ్లు వడికితే, ఆ నూలుకు చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గం మీద నేస్తారు. అందులో పడుగు వేరు, పేక వేరు. అల్లికలో ఉండేది ఒకే దారం. ఒక ఫందాలోంచి ఇంకో ఫందా తీసుకుంటూ పోవడమే. అందుకే నేతబట్టలో ఒక పోగు తెగినా బట్ట నిలబడుతుంది, అల్లికలో ఒక్క ఫందా జారితే కింద వరుసలన్నీ నిచ్చెనలాగా విడిపోతూ పోతాయి. నా మొదటి వారమంతా ఆ నిచ్చెనలతోనే గడిచింది.

ఈ హునర్ ఎక్కడ పుట్టింది? ఇంగ్లీష్ మేమ్‌సాబులు తెచ్చిందని మా ఖాలా కూడా అనుకునేది. మన దేశంలో ఇళ్లకీ బళ్లకీ అది చేరడంలో యూరప్ వాళ్ల, మిషనరీల పాత్ర పెద్దదే, ఇన్కార్ చేయలేం. కానీ వాళ్లకెక్కడిది? ఇప్పటిదాకా దొరికిన అసలైన సలాయి అల్లికల్లో అన్నింటికన్నా పాతవి మిస్ర్ దేశానివి, ఇస్లామీ జమానావి. కైరో పక్కన పాత నగరం ఫుస్తాత్. అక్కడి చెత్తదిబ్బల్లో నూలు మోజాల ముక్కలు దొరికాయి. తెలుపూ నీలీ రంగుల్లో నఖ్షాలు, కొన్నింటిమీద అరబీ అక్షరాల్లాంటి అల్లిక. సుమారు 11 నుంచి 14వ శతాబ్దాల మధ్యవి. మన గుజరాత్ అచ్చు బట్టల ముక్కలు దొరికిందీ ఆ ఫుస్తాత్‌లోనే. అంతకన్నా పాత కాప్టిక్ మోజాలూ మిస్ర్‌లో ఉన్నాయి కానీ అవి ఒకే సూదితో ముడివేసినట్టు చేసినవి, ఆ తరీఖా వేరు. ఉర్దూలో మోజా, తెలుగులో మేజోడు, రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి!

అక్కడినుంచి స్పెయిన్. బుర్గోస్ నగరంలో లాస్ హుయెల్గాస్ మఠం ఉంది, కాస్తీల్ రాజవంశం ఖబర్‌స్తాన్ అది. 1275లో చనిపోయిన యువరాజు ఫెర్నాందో దె లా సెర్దా తలకింద పెట్టిన పట్టు తకియా అక్కడ దొరికింది. చేత్తో అల్లిన తకియా. దాని అంచున కూఫీ లిపిలో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది: బరకా. మనం రోజూ అనే బరకత్ అదే. ఈసాయీ రాజకుమారుడి తలకింద ముస్లిమ్ కారీగర్ చేతి దువా! అంగుళానికి దాదాపు 20 ఫందాలు. నా లావు ఊన్‌కి అంగుళానికి మూడు పడుతున్నాయి, అదే గొప్పనుకున్నాను.

నా కజిన్‌కి జవాబు కూడా దొరికింది. తర్వాత యూరప్ నగరాల్లో అల్లికకు గిల్డులు ఏర్పడ్డాయి. వాటిలో ఉస్తాద్‌లూ షాగిర్దులూ ఎక్కువగా మగవాళ్లే. ఏళ్ల తరబడి నేర్చుకుని, పరీక్షకు పెద్ద అల్లిక చేసి చూపించాకే ఉస్తాద్ అయ్యేవాళ్లు. యంత్రాలొచ్చి సంపాదన పోయాక అది "ఆడోళ్ల పని" అయింది.

మన దగ్గరికొస్తే, అల్లిక కథలో అన్నింటికన్నా చేదు పన్నా నర్సాపురం. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు గోదావరి డెల్టాలో పేద ఈసాయీ ఆడవాళ్లకు క్రోషియా లేసు నేర్పారు. అది కొక్కెం అల్లిక, సలాయి కాదు, అయినా ఒకే దారం ఖాన్‌దాన్. తర్వాత ఘోషా పాటించే కాపు ఇళ్లలోకీ వెళ్లింది. జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ ఉండి, చూసి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. లేసు విదేశాలకు పోతుంది, వ్యాపారులు కోఠీలు కట్టుకుంటారు, అల్లే ఆమెకు దినమంతా వంగితే వచ్చేది చిల్లర. ఎందుకంటే ఆమెను మజ్దూర్ అని ఎవరూ అనలేదు. ఇంటిపట్టున ఉండే ఇల్లాలు, ఖాళీ టైమ్‌లో అల్లుకుంటుంది, అంతే! ఆమె కూడా అదే అనుకుంది. ఇజ్జత్ మిగిలింది, ఉజ్రత్ మిగల్లేదు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముబారక్. ఆ ముద్ర ఖరీదులో అల్లే చేతికి ఎంత చేరుతుందన్నదే నా ఫికర్.

ఆ పుస్తకం గురించి చెబుతుంటే ఖాలా సలాయిలు ఆపలేదు. ముప్ఫై ఏళ్లుగా మొహల్లాలో పుట్టిన పసిపిల్లలకు టోపీలూ స్వెటర్లూ ఆమే అల్లింది. ఊన్ వాళ్లు తెచ్చేవాళ్లు, చేయి ఆమెది. ఎంత తీసుకున్నావని అడిగితే సిగ్గుపడింది. "ఖుషీతో ఇస్తే తీసుకున్నా. అడుగుతామా?" ఇంటికొచ్చి ఫారం నింపుకునేవాళ్లు ఆమె పేరు పక్కన ప్రతిసారీ ఒకటే రాసుకున్నారు: పని, ఏమీ లేదు.

కొత్తవాళ్లెవరైనా మొదలుపెడితే ఖాలా తరీఖా ఇది: 120 ఫందాలు ఎక్కించండి, దాదాపు 40 అంగుళాల వెడల్పు వస్తుంది. ఉల్టా ఫందా జోలికి పోవద్దు. ప్రతి వరుసా సీదానే. అంచులు ముడుచుకోవు, రెండువైపులా ఒకటే అందం. మిస్ర్ మోజాల వాళ్లు గుండ్రంగా అల్లారు కాబట్టి వాళ్లకూ సీదాతోనే సరిపోయింది. కంబల్ 50 అంగుళాలు పొడవు కావాలంటే 300 వరుసలు, అంటే 36,000 ఫందాలు.

నాది ఇప్పటికి 22 అంగుళాలు. పదిహేడో వరుసలో ఒక చిన్న రంధ్రం ఉంది, విప్పి మళ్లీ అల్లుతానంటే ఖాలా విప్పనివ్వడం లేదు.