తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళు

ఓరుగల్లులో భోజనం ఎక్కడ బాగుంటుందో చెప్పే పద్యం ఒకటి క్రీడాభిరామంలో ఉంది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే స్నేహితులిద్దరు కాకతీయుల రాజధానిలో ఒక రోజంతా తిరుగుతారు. పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన వచ్చేసరికి కవి లెక్క పక్కాగా చెబుతాడు. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, కాస్త పంచదార, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డపెరుగు, ఇవన్నీ లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకే దొరుకుతాయట. రాసింది వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్నది పండితుల తగువు. ఆకలితో ఉన్న బాటసారికి మాత్రం కావలసినవన్నీ అందులో ఉన్నాయి: ఎవరిల్లు, ఏమేం పెడతారు, నెయ్యి తాజాదేనా, ఎంత పుచ్చుకుంటారు. ఒక్క సంగతే తేలదు. ఆ రూక కవి తన మొలలోంచి తీసి ఇచ్చాడా, లేక పద్యం చెప్పి ఊరికే తిన్నాడా?

ఇది కొంటె ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ హోటల్ విమర్శ చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మన దగ్గర పెద్ద తిట్టు. హోటల్ విమర్శకుడి వృత్తి సరిగ్గా అదే. డబ్బిచ్చి తిన్నప్పుడే ఆ పని ద్రోహం కాకుండా పోతుంది.

ఈ వృత్తి పుట్టిల్లు పారిస్. 1789 విప్లవం తర్వాత ప్రభువులు కొందరు దేశం విడిచి పారిపోయారు, కొందరు తలలు పోగొట్టుకున్నారు. వాళ్ళ వంటవాళ్ళలో చాలామంది వీధిలోకి వచ్చి రెస్టారెంట్లు పెట్టారు. కొత్తగా డబ్బు చేసిన జనానికి తినాలన్న కోరిక ఉంది, ఏది మంచిదో తెలియదు. ఆ అవసరాన్ని పసిగట్టినవాడు గ్రిమో ద లా రేనియేర్. పన్నుల వసూలు గుత్తతో గడించిన ధనికుడి కొడుకు. పుట్టుకతోనే చేతులు వంకర. 1803లో అతను మొదలుపెట్టిన భోజనప్రియుల పంచాంగం 1812 దాకా ఎనిమిది సంపుటాలు వచ్చింది. ఏ వీధిలో ఏ మిఠాయి కొట్టు, ఎక్కడ మంచి మాంసం, ఎవరి దగ్గర మంచి పేస్ట్రీ అంటూ పారిస్ అంతా పాఠకుణ్ణి వెంటబెట్టుకుని తిప్పాడు. అంతటితో ఆగకుండా రుచి చూసే పంచాయతీ ఒకటి కూర్చోబెట్టాడు. వ్యాపారులు తమ సరుకు పంపాలి, సభ్యులు తిని తీర్పు చెప్పాలి, ఆ తీర్పు పంచాంగంలో అచ్చవుతుంది. ఉప్పు తిన్నాక విశ్వాసం ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. పక్షపాతమన్న ఆరోపణలు రానే వచ్చాయి. విమర్శ పుట్టిన గడియలోనే దాని జబ్బు కూడా పుట్టింది.

తర్వాతి మలుపు విచిత్రంగా ఒక టైర్ల కంపెనీ వల్ల వచ్చింది. 1900లో ఫ్రాన్స్ మొత్తం మీద కార్లు మూడు వేలకు మించి లేవు. జనం తిరిగితేనే టైర్లు అరుగుతాయి, అరిగితేనే అమ్ముడుపోతాయి. అందుకని మిషెలిన్ సోదరులు పటాలు, పెట్రోలు దొరికే చోట్లు, బస చేసే హోటళ్ళు ఉన్న చిన్న పుస్తకాన్ని ఊరికే పంచారు. 1920 నుంచి దానికి ధర పెట్టారు, ప్రకటనలు తీసేశారు. 1926లో నక్షత్రం వచ్చింది. 1930ల మొదట్లో అది ఒకటి, రెండు, మూడు అంచెలైంది. మూడో నక్షత్రానికి అర్థం, ఆ భోజనం కోసమే పనిగట్టుకుని ప్రయాణం చేయవచ్చునని. టైర్ల కంపెనీ అంతకన్నా ఏం కోరుతుంది! వ్యాపార బుద్ధితో మొదలైన ఈ పుస్తకమే వృత్తికి రెండు కట్టుబాట్లు అలవాటు చేసింది. తనిఖీకి వెళ్ళేవాడు పేరు చెప్పడు, బిల్లు కట్టకుండా లేవడు. దాని లోపమూ అందులోనే ఉంది. తీర్పు ఉంటుంది, కారణం ఉండదు. నక్షత్రం ఎందుకు పోయిందో పాఠకుడికే కాదు, పోగొట్టుకున్న వంటవాడికి కూడా సరిగా తెలియదు.

అమెరికాలో అదే పని డంకన్ హైన్స్ అనే సేల్స్‌మన్ సొంతంగా చేశాడు. ఒక ముద్రణ సంస్థ తరఫున ఊరూరా తిరిగేవాడు. రోడ్డు పక్క తిండి తిని కడుపు పాడవడం మామూలైన రోజులవి. 1935 క్రిస్మస్‌కి నమ్మకమైన 167 హోటళ్ళ జాబితా అచ్చువేసి స్నేహితులకు పంపాడు, మరుసటి ఏడాదికి అది పుస్తకమైంది. వంటింట్లోకి తొంగిచూసి శుభ్రంగా ఉంటేనే కూర్చునేవాడు. హోటళ్ళ నుంచి ప్రకటనలు తీసుకోలేదు. చివరికి ఆ పేరు మీద ఉన్న నమ్మకమే సరుకైంది. ఇప్పటికీ అమెరికా కిరాణా కొట్లలో కేకు పిండి డబ్బాల మీద ఆయన పేరు ఉంటుంది. ఇంగ్లండులో రేమండ్ పోస్ట్‌గేట్ ఇంకో దారి పట్టాడు. యుద్ధకాలపు రేషన్‌తో చప్పబడిపోయిన దేశపు వంటను జనమే బాగుచేయాలని 1951లో గుడ్ ఫుడ్ గైడ్ తెచ్చాడు. తిన్నది పాఠకులు, కబురు పంపింది పాఠకులు, బిల్లు కట్టిందీ వాళ్ళే.

ఈ ముక్కలన్నిటినీ ఒక పద్ధతిగా కూర్చింది న్యూయార్క్ టైమ్స్‌లో క్రెయిగ్ క్లెయిబోర్న్. స్విట్జర్లండ్‌లో హోటల్ చదువు చదివి వచ్చిన మనిషి, 1957లో ఆ పత్రిక ఆహార విభాగానికి సంపాదకుడయ్యాడు. ఒక చోటికి ఒక్కసారి వెళ్ళి తీర్పు చెప్పకూడదు. నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళి రకరకాల వంటలు తెప్పించాలి. ఎవరో తెలియనివ్వకూడదు. డబ్బు పత్రిక ఇవ్వాలి. ఈ నియమాలు ఆయన ఆచరణతో స్థిరపడ్డాయి.

పలుమార్లు వెళ్ళడం ఎందుకంటే హోటల్ సినిమా లాంటిది కాదు. గుంటూరులో చూసినా గుడివాడలో చూసినా సినిమా ఒకటే. మన మెస్సులో పన్నెండు గంటల పప్పు వేరు, రెండున్నర గంటల పప్పు వేరు. మొదటి పంక్తికి గోంగూర పచ్చడి మీద నూనె తేలుతూ వస్తుంది. ఆఖరి పంక్తికి చారులో నీళ్ళు పెరుగుతాయి, అప్పడం మెత్తబడుతుంది, రెండోసారి కూర అడిగితే వడ్డించేవాడు వినిపించనట్టు వెళ్ళిపోతాడు. ఈ రెండు పూటలూ తిన్నవాడికే ఆ మెస్సు గురించి మాట్లాడే హక్కు వస్తుంది.

అజ్ఞాతం విలువ ఏమిటో 1993లో న్యూయార్క్ టైమ్స్‌లోనే రూత్ రైషెల్ చూపించింది. న్యూయార్క్‌లో గొప్పవాళ్ళంతా వెళ్ళే లె సెర్క్‌కి విగ్గు పెట్టుకుని, మిషిగన్ నుంచి వచ్చిన రిటైర్డు టీచరులా వెళ్ళింది. టేబుల్ ముందే చెప్పి ఉంచుకున్నా నిలబెట్టారు. చేతిలో ఉన్న వైన్ జాబితాను ఇంకెవరికో కావాలని లాక్కుపోయారు. మరోసారి ఆమెను గుర్తుపట్టారు. అప్పుడు కుర్చీ వెంటనే దొరికింది, యజమాని స్వయంగా వచ్చాడు, ఆఖరికి పళ్ళెంలో రాస్ప్‌బెర్రీ పళ్ళు కూడా పెద్దవయ్యాయి. ఈ రెండు అనుభవాలనూ ఒకే వ్యాసంలో పక్కపక్కన పెట్టి, నాలుగు నక్షత్రాల హోటల్‌కి ఒకటి తగ్గించింది. పండు సైజు మారడం చిన్న విషయమే. కానీ ఆ ఊళ్ళో ఏ పలుకుబడీ లేని వేలమంది పాఠకులకు, తమ తరఫున ఒకరు ఆ కుర్చీలో కూర్చుని వచ్చారని ఆ రోజు తెలిసింది.

నిజాయితీ ఒక్కటే చాలదు, ఎదుటివాడి వంట తెలియాలి. పల్నాటి జొన్నకూడు మీద విసుక్కున్న చాటువులు శ్రీనాథుడి పేరు మీద ప్రచారంలో ఉన్నాయి. చమత్కారానికి అవి గొప్పవే. విమర్శగా మాత్రం, వరన్నానికి అలవాటుపడ్డ నాలుకతో మెట్ట సీమ తిండిని కొలిచినట్టే. ఈ తప్పును పాశ్చాత్య పత్రికలు చాలాకాలం చేశాయి. ఫ్రెంచి వంటకు పెద్దపీట, మిగిలినవన్నీ చవక తిండి. దాన్ని మార్చిన వాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది లాస్ ఏంజెలెస్ విమర్శకుడు జొనాథన్ గోల్డ్. ఎనభైల మొదట్లో పీకో బులెవార్డ్ పొడుగునా ఉన్న చిన్న చిన్న తిండి కొట్లన్నీ వరసగా తిరిగాడు. తర్వాత కొరియా, మెక్సికో, థాయ్ వలసజనం నడిపే హోటళ్ళ గురించి, వాళ్ళ ఊళ్ళో ఆ వంట ఎలా ఉంటుందో ఆ కొలతతోనే రాశాడు. 2007లో విమర్శకు పులిట్జర్ బహుమతి అందుకున్న తొలి రెస్టారెంట్ విమర్శకుడు ఆయనే. ఆయన్ని చదివి జనం తమ సొంత నగరంలో ఎన్నడూ తొక్కని వీధుల్లోకి వెళ్ళారు.

కలానికి అంత బలం వచ్చాక బాధ్యత మాటా వస్తుంది. 2003లో ఫ్రెంచి వంటవాడు బెర్నార్ లువాజో ఆత్మహత్య చేసుకున్నాడు. కొద్దిరోజుల ముందే గో-మియో గైడ్ అతని హోటల్‌కి ఇరవైకి పందొమ్మిది ఉన్న మార్కులను పదిహేడు చేసింది. అప్పులు, మనోవేదన కూడా ఉన్నాయి కాబట్టి నింద ఒక్కచోటే వేయడం న్యాయం కాదు. కానీ మార్కు ఒక మనిషి బతుకు మీద ఎంత బరువుగా పడగలదో లోకం చూసింది. బలం సరిగ్గా వాడిన సందర్భాలూ ఉన్నాయి. 2016లో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు పీట్ వెల్స్ ఆ ఊళ్ళోని పెర్ సె హోటల్‌ని నాలుగు నక్షత్రాల నుంచి రెండుకు దించాడు. వందల డాలర్లు గుంజే చోట శ్రద్ధ తగ్గితే ఊరుకోనక్కర్లేదని చెప్పాడు. యజమాని థామస్ కెల్లర్ బహిరంగంగా క్షమాపణ రాశాడు. పెద్దవాణ్ణి నిలదీయడం విమర్శ. వీధి చివర ఇడ్లీ బండిని చీల్చి చెండాడడం ధైర్యం కాదు, విమర్శా కాదు.

ఇంతలో ఒక్కడి మాట ఎందుకు, అందరి మాటా విందామన్న ఆలోచన బలపడింది. 1979లో జగాత్ దంపతులు స్నేహితుల అభిప్రాయాలు పోగుచేసి మార్కుల పుస్తకం తెచ్చారు. 2004లో యెల్ప్ అనే సమీక్షల వెబ్‌సైటు వచ్చాక ఫోనున్న ప్రతివాడూ న్యాయమూర్తి అయ్యాడు. సియాటిల్ హోటళ్ళ మీద హార్వర్డ్ ఆచార్యుడు మైకేల్ లూకా చేసిన అధ్యయనంలో ఒక్క నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగినట్టు తేలింది. అంత డబ్బున్న చోటికి దొంగలు రాకుండా ఉంటారా? 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే రచయిత తన పెరట్లోని షెడ్డునే హోటల్ అన్నాడు. షేవింగ్ క్రీమునూ బాత్‌రూమ్ బిళ్ళలనూ వంటల్లా అలంకరించి ఫొటోలు తీశాడు, స్నేహితులతో మెచ్చుకోళ్ళు రాయించాడు. ట్రిప్‌అడ్వైజర్ వెబ్‌సైటులో అది నగరంలోనే మొదటి స్థానానికి ఎక్కింది. అప్పటికి అక్కడ ఒక్కరూ ఒక్క ముద్ద తిన్నది లేదు.

మన దేశంలో ఇంగ్లీషు పత్రికలకు ఈ సంప్రదాయం కొంత ఉంది. బొంబాయిలో బిజీబీ పేరుతో బెహ్రామ్ కాంట్రాక్టర్, తర్వాత ‘రూడ్ ఫుడ్’ శీర్షికతో వీర్ సంఘ్వీ పాఠకులను సంపాదించుకున్నారు. తెలుగులో సినిమా సమీక్షకు దక్కిన చోటు హోటల్ సమీక్షకు దక్కలేదు. ఆ ఖాళీలోకి నేరుగా యాప్ వచ్చింది. 2008లో ఆఫీసు సహోద్యోగుల కోసం మెనూ కార్డులు స్కాన్ చేసి పెట్టడంతో మొదలైన ఫుడీబే, 2010లో జొమాటో అయింది. తర్వాత పార్సిల్ వ్యాపారం వచ్చి పడింది. ఇప్పుడు ట్రాఫిక్‌లో బండి ఆగినా బిర్యానీకే ఒక స్టారు పడుతుంది. మార్కు ఉంటుంది, అది మసాలాకా మనిషికా తెలియదు.

ఆపైన యూట్యూబ్, రీల్స్. 2024 జనవరిలో హైదరాబాద్‌లో రోడ్డు పక్క భోజనం బండి ఒకటి వీడియోలతో ఎంత పేరు పడిందంటే, ట్రాఫిక్ ఆగిపోయి పోలీసులు దాన్ని తీయించడం, ముఖ్యమంత్రి కల్పించుకుని ఉంచమనడం దాకా వెళ్ళింది. జనాన్ని రప్పించడంలో ఏ పాత విమర్శకుడూ ఈ వీడియోలకు సాటిరాడు. ఆ భోజనం ఎలా ఉందో మాత్రం వాటిలో వెతుక్కోవాలి. అదిరింది, నెక్స్ట్ లెవెల్, కేక: ఈ మూడు మాటల్లో లివర్ వేపుడైనా ఒకటే, బొబ్బట్టైనా ఒకటే. పైగా చాలా వీడియోల వెనక కొలాబ్ ఉంటుంది. హోటల్‌వాళ్ళే పిలుస్తారు, పెడతారు, కొందరికి పైన డబ్బూ ఇస్తారు. గ్రిమో పంచాయతీ రెండువందల ఏళ్ళ తర్వాత రింగ్ లైటు పెట్టుకుని తిరిగొచ్చింది. ఉచితంగా పుచ్చుకున్నది ఏదైనా ఉంటే చూసేవాళ్ళకు స్పష్టంగా చెప్పి తీరాలని కేంద్రం 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. దారితప్పించే ప్రచారానికి వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది.

ఇన్ని మలుపుల తర్వాత పాఠకుడి కోరిక ఓరుగల్లు బాటసారి కోరికకు భిన్నంగా ఏమీ లేదు. ఏం బాగుంది, ఏది వదిలేయవచ్చు, ఇద్దరికి ఎంతవుతుంది, పిల్లలతో వెళ్ళవచ్చా, ఆదివారం ఎంతసేపు నిలబడాలి, శాకాహారికి విడిగా వండుతారా. ఈ సమాచారం పైన మూడు గుణాలు కావాలి: ఆ వంటను దాని సొంత కొలతతో కొలిచే తెలివిడి, బాగోలేదని చెప్పే ధైర్యం, ఎందుకు బాగోలేదో మన నాలుకకు తెలిసేలా చెప్పే మాట. విమర్శకుడి ఇష్టాలు మనవి కానక్కర్లేదు. ఆయనకు కారం గిట్టదని తెలిస్తే, ఆయన ఘాటన్నది మనకు సరిపోతుందని లెక్కేసుకుంటాం. కాలమంతా ఒకే నాలుకతో మాట్లాడితే చాలు.

ఇదంతా ఖర్చుతో కూడిన పని. మూడుసార్లు, నలుగురు, పెద్ద హోటల్ అయితే ఒక్క సమీక్షకే వేల రూపాయల బిల్లు. వేరే దేశాల పత్రికలే దాన్ని మోయలేక తగ్గించుకుంటున్నాయి. ఆ బిల్లు చందా రూపంలో పాఠకుడు కట్టాలి, లేదా హోటల్‌వాడు కడతాడు. హోటల్‌వాడు కట్టినచోట మనకు దొరికేది ప్రకటన. దాన్ని విమర్శ అనుకుని ఆదివారం పూట ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వెళితే, ఆ బిల్లు కూడా చివరికి మన జేబులోంచే పోతుంది.