రెండు ఫొటోల మధ్య కాలం

సౌందర్య శస్త్రచికిత్స చరిత్రని ఎవరు చెప్పినా రెండు ఫొటోలతోనే చెబుతారు. ఆపరేషన్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి. మొదటిదాంట్లో దవడ కింద జారిన చర్మం, మెడ మీద ముడతలు. రెండోదాంట్లో నున్నటి గొంతు. ఆ రెండిటి మధ్య ఎన్ని నెలలు గడిచాయో, అన్నాళ్లూ ఆ ముఖంతో ఆ స్త్రీ ఎలా మసిలిందో చెప్పే ఫొటో ఉండదు. వాపు, కమిలిన రంగు, చెవి కింద మొద్దుబారిన చోటు, గడ్డం కింద వేలికి తగిలే గడ్డ - ఇవి చరిత్రలోకి రావు. కొన్నేళ్లుగా నేను వెతుకుతున్నది వీటినే.

ఫేస్‌లిఫ్ట్ పుట్టుక కథే చూడండి. 1901లో బెర్లిన్‌లో యూజెన్ హోలాండర్ అనే డాక్టరు ఒక పోలిష్ కులీన స్త్రీకి జుట్టు అంచునా, చెవుల దగ్గరా చర్మం ముక్కలు తీసి కుట్టాడు. మొదటి ఫేస్‌లిఫ్ట్ ఇదేనని చాలామంది ఒప్పుకుంటారు. ఆ సంగతి ఆయన అచ్చులో బయటపెట్టింది 1932లో. అది కూడా ఆడమనిషి పట్టుదలకి తలొగ్గి చేశానన్న ధోరణిలో. అంటే ఆ ఆపరేషన్ కావాలనుకున్నదీ, పట్టుబట్టి చేయించుకున్నదీ ఆమె. చరిత్రలో పేరు మిగిలింది మాత్రం ఆయనకి. కుట్లు విప్పాక ఆమె ఎన్నాళ్లు తలుపులేసుకుని కూర్చుందో ఎవరికీ పట్టలేదు.

గడ్డలు చరిత్రకెక్కాలంటే దాచుకోలేనంత పెద్దవై ఉండాలి కాబోలు. గ్లాడిస్ డీకన్ కథ అలా మిగిలిందే. 1899లో వియన్నాలో రాబర్ట్ గెర్సూనీ చర్మం కింద పారఫిన్ లాంటి పదార్థాలు ఎక్కించే పద్ధతి మొదలుపెట్టాడు. కరిగించి ఎక్కిస్తే లోపల గట్టిపడుతుంది. ఏళ్లు గడిచాక అది జారుతుంది, చుట్టూ కణజాలం ముద్దకట్టి గడ్డలవుతుంది. 1881లో పారిస్‌లో పుట్టిన అమెరికన్ అమ్మాయి గ్లాడిస్, ఆ కాలపు అందగత్తెల్లో ఒకరు. ఇరవై రెండేళ్ల వయసులో, గ్రీకు శిల్పాలకి ఉన్నట్టు నుదురూ ముక్కూ ఒకే గీతగా ఉండాలని ముక్కులోకి మైనం ఎక్కించుకుంది. ఆ మైనం మెల్లగా కిందికి జారి దవడ దగ్గర చేరింది. 1921లో మార్ల్‌బరో డ్యూక్‌ని పెళ్లాడింది, తర్వాత విడిపోయింది, చివరి ఏళ్లు మానసిక చికిత్సాలయంలో గడిపి 1977లో చనిపోయింది. ఆమె గురించి రాసినవాళ్లలో చాలామంది ఆ గడ్డల్ని అందం మీద మోజుకి తగిన శాస్తిగా చూపించారు. ఎక్కించిన డాక్టరు గురించి ఆ గొంతు ఎత్తినవాళ్లు నాకు కనిపించలేదు.

ఈ చరిత్రలో మధ్యకాలాన్ని లెక్కలోకి తీసుకున్న మనిషి సుజాన్ నోయెల్ (1878-1954). ఫ్రాన్స్‌లో స్త్రీలకి ఓటు కావాలని పోరాడిన స్త్రీవాది, 1924లో పారిస్‌లో సొరాప్టిమిస్ట్ క్లబ్బు పెట్టిన మనిషి. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకి జరిగిన శస్త్రచికిత్సల్లో పని నేర్చుకుంది. 1912లో అమెరికా నుంచి తిరిగొచ్చిన ఓ పేరున్న నటి తలలో చర్మం పట్టీ తీయించుకుని వచ్చిందనీ, నుదురు బాగుపడింది గానీ ముఖం కిందిభాగం అలాగే ఉండిపోయిందనీ, అది చూశాకే తనకి ఆసక్తి కలిగిందనీ చెప్పుకుంది. ఆ నటి సారా బెర్నార్ అని చరిత్రకారులు చెబుతారు.

1926లో వచ్చిన నోయెల్ పుస్తకం పేరులోనే సౌందర్య చికిత్సకి ఉన్న సామాజిక పాత్ర అన్న మాట ఉంది. వయసు కనపడితే ఉద్యోగం పోయే ఆడవాళ్ల గురించి ఆమె ఆలోచన. అందుకే చిన్న కోతలు, కొద్దికొద్దిగా. స్త్రీలు ఆమె ఇంట్లోనే ఆపరేషన్ చేయించుకుని, జుట్టుతో కోత కప్పుకుని అదేరోజు వెళ్లిపోయేవారు. ఆమె పుస్తకంలోనూ ముందూ తర్వాతా ఫొటోలే ఎక్కువ, నిజమే. కానీ సెలవు దొరకని మనిషికి వాపు ఎంత ఖరీదో ఆమెకి తెలుసు.

తర్వాతి దశాబ్దాల చరిత్ర లోతుకి దిగే చరిత్ర. చర్మం ఒక్కటే లాగితే త్వరలోనే మళ్లీ జారుతుందని, 1970లలో స్వీడన్‌లో స్కూగ్ చర్మం కింది పొరని కూడా కలిపి ఎత్తాడు. 1976లో పారిస్‌లో మిట్స్, పేరోనీ ఆ పొర నిర్మాణాన్ని వివరించారు. 1990లో అమెరికాలో హామ్రా ఇంకా లోతుకి వెళ్లాడు. దీన్నంతా పుస్తకాలు ప్రగతిగా రాస్తాయి, ఫలితం ఎక్కువకాలం నిలుస్తుంది కాబట్టి. కత్తి లోతుకి వెళ్లేకొద్దీ కోలుకునే కాలం సంగతేమిటన్నది మాత్రం పాదసూచికలోకి పోయింది.

మెడలో కొవ్వు తీసి, కండరాన్ని బిగించి కుట్టినప్పుడు లింఫ్ ప్రవహించే సన్నటి దారులు తెగుతాయి. అవి మళ్లీ కుదురుకునేదాకా నీరు నిలుస్తుంది. రాత్రంతా పడుకుని లేచేసరికి పొద్దున వాపు ఎక్కువ కనిపిస్తుంది. లోపల మచ్చకణజాలం గట్టిపడి, పైనుంచి తడిమితే గడ్డలా తగులుతుంది. గూడుకట్టిన రక్తం కొంత, కరగని కుట్టు కొంత. వీటిలో ఎక్కువభాగం వారాల్లో, నెలల్లో మెత్తబడతాయి. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒకవైపు హఠాత్తుగా బిగుసుకుని నొప్పితో ఉబ్బితే మాత్రం లోపల రక్తం చేరుతోందని, వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. తర్వాత ఎప్పుడైనా ఎరుపు, జ్వరం వస్తే అదీ ఆగేది కాదు. గ్లాడిస్‌ది ఇంకో జాతి గడ్డ, బయటి పదార్థం లోపల ఉండిపోయింది. ఈ తేడా ప్రతి పేషెంటుకీ ముందే తెలియాలి.

తెలియదు. నా స్నేహితురాలొకామె, కాలేజీలో పాఠాలు చెబుతుంది, ఆపరేషనయిన ఆరో వారంలో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "అక్కా, గడ్డం కింద కుడివైపు చింతగింజంత తగుల్తోంది. కాన్సరేమో." తోటి లెక్చరర్లకి థైరాయిడ్ ఆపరేషనని చెప్పింది, పుట్టింటికి అదీ చెప్పలేదు. ఆసుపత్రిలో ఆల్బమ్ చూపించారట, అందులోనూ అవే రెండేసి ఫొటోలు. చేతికిచ్చిన కాగితంలో "కొంత వాపు ఉండవచ్చు" అని ఒక ముక్క. మర్నాడు డాక్టరుకి చూపించుకుంది. మచ్చకణజాలమే. ఆ గడ్డ కంటే ఎవరినీ అడగలేకపోవడం ఎక్కువ బాధపెట్టిందంది.

మన స్త్రీవాద చర్చ కూడా ఇక్కడ ఆమెకి పెద్దగా అక్కరకి రాలేదు. 1990లో నయోమీ వుల్ఫ్ అందం పేరిట జరిగే అణచివేత గురించి రాసింది. 1995లో కేథీ డేవిస్ నెదర్లాండ్స్ స్త్రీల మాటలు విని, వాళ్లు తెలిసే నిర్ణయం తీసుకున్నవాళ్లంది. రెండూ అవసరమైన పుస్తకాలే. కానీ వాటి మీద మనం చేసుకున్న వాదమంతా చేయించుకోవచ్చా కూడదా అన్నదగ్గరే తిరిగింది. చేయించుకుని వచ్చి తలకింద రెండు దిళ్లు పెట్టుకుని పడుకున్న మనిషిని పలకరించే మాట మన దగ్గర లేదు. పైగా, స్త్రీవాదివై ఉండి ఇదేమిటని అంటామన్న భయంతో ఆమె మనకీ చెప్పదు. పితృస్వామ్యం అడిగిన అందానికీ, మనం అడిగిన నిష్ఠకీ మధ్య ఆ వాపు దాచుకోవాల్సి వస్తుంది.

ఆ ఫోన్ తర్వాత ఆమె ఒక నోటుబుక్కు పెట్టింది. పొద్దున ఎలా ఉంది, సాయంత్రం ఎలా ఉంది, ఏ వైపు గట్టిగా ఉంది, ఎప్పుడు చెవి తమ్మెకి స్పర్శ తెలిసింది. నూటపదో రోజుతో ఆగిపోయింది, ఇక రాయడానికేమీ లేక. పేరు లేకుండా ఎవరికైనా చూపించమని నాకిచ్చింది. ఇప్పటికి ముగ్గురు తీసుకెళ్లి చదివారు. మూడో ఆమె తన రోజులు కూడా అందులోనే రాసి పంపింది.