రెండు చేతుల తాళం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాలో పంట పెరిగింది, శిస్తూ పెరిగింది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడే నాటికి ఆ సొమ్మును భద్రంగా దాచడం సర్కారుకు పెద్ద పనే. తాలూకా కచేరీ ఖజానాలో వెండి రూపాయలు, స్టాంపు కాగితాలు ఉండేవి.

అక్కడి కట్టుబాటు తెలివైనది. స్ట్రాంగ్ రూమ్‌కు డబుల్ లాక్. ఒక తాళంచెవి అధికారి దగ్గర, రెండోది నగదు చూసే షరాబు దగ్గర. ఇద్దరూ కలిసి రానిదే తలుపు తెరుచుకోదు. మారు తాళంచెవులకు సీలు వేసి వేరేచోట భద్రపరిచేవారు. అధికారికి బదిలీ అయితే నగదు లెక్కించి, తాళంచెవులు అప్పగించి, చార్జి కాగితంపై ఇద్దరూ సంతకాలు పెట్టేవారు. మనిషి మంచివాడా కాదా అన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు. నిజాయితీపరుణ్ని అపనింద నుంచి కాపాడిందీ ఆ రెండో తాళమే.

రహస్య లిపి శాస్త్రం కూడా ఆ దారినే నడిచింది. తాళం పనిచేసే తీరు శత్రువుకు తెలిసినా నష్టం ఉండకూడదు, తాళంచెవి ఒక్కటి రహస్యంగా ఉంటే చాలు అని 1883లో ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ చెప్పాడు. అప్పటి నుంచి భారమంతా తాళంచెవిని కాపాడడం మీదే పడింది.

సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చి, ఇలాంటి రహస్య తాళంచెవి (కీ) మీదే నిలిచే డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ, బ్యాంకుల కోసం డిజిటల్ సర్టిఫికెట్లు జారీ చేసే లైసెన్సు పొందింది. ఇలాంటి సంస్థ మూల కీ ఏ ఒక్క ఉద్యోగి చేతిలోనూ ఉండకూడదు. ప్రత్యేక యంత్రంలో దాన్ని పుట్టించేటప్పుడూ, వాడేటప్పుడూ ఒకరికి మించి ఉద్యోగులు హాజరు కావాలి. కచేరీ షరాబుకు ఈ పద్ధతి కొత్తగా తోచేది కాదు.

2020 ఏప్రిల్‌లో పంచాయతీల లెక్కల పోర్టల్ ఈ-గ్రామ్‌స్వరాజ్ వచ్చాక డబుల్ లాక్ పల్లెకూ చేరింది. పంచాయతీ చెల్లింపును ఒకరు డిజిటల్ కీతో తయారుచేస్తే, మరొకరు తమ కీతో ఆమోదించాలి. కానీ ఆ కీలు ఉండే చిన్న పరికరాలైన రెండు డోంగిళ్లూ, రెండు పిన్‌లూ ఒకే ఆపరేటర్ సొరుగులో ఉంటే ఆ రెండో తాళం లేనట్టే. పంచాయతీ కార్యదర్శులు, సర్పంచులు ఎవరి డోంగిల్ వారే ఉంచుకోవాలి. పిన్ ఎవరికీ చెప్పకూడదు. డోంగిల్ పోయినా, పదవి మారినా, ఆ రోజే సర్టిఫికెట్ రద్దు చేయించాలి.